నీలం గడిలో మరియమ్మ

"ఐదు నిమిషాలే" అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. సాంతా తెరె సంతకు వచ్చే ప్రతి మహానుభావుడూ కారు ఆపి, దిగి, తలుపు ధడేల్మని వేసి, చెయ్యి ఊపుతూ అనే మాట అదే. వాళ్ళ ఐదు నిమిషాల్లో నేను పంది మాంసం ఉడికించి, రొట్టెలు కోసి, మాంసం కూరి, కారం పులుసులో ముంచి అమ్మేసి, గిన్నెలు కూడా తోముకోగలను. నా పేరు దోమితిలా. ఇంటి ముందు గదిలోనే నా కొట్టు. కిటికీలోంచి చూస్తే ఎదురుగా కూకా ఇల్లు, ఆ ఇంటి ముందు రోడ్డు మీద నీలం రంగు గడి. గడి మధ్యలో తెల్ల రంగుతో చక్రాల కుర్చీ బొమ్మ.

కూకా అసలు పేరు రెఫూహియో. ఆ పేరు ఇప్పుడు గుర్తింపు కార్డు మీద తప్ప ఎక్కడా లేదు. పసితనంలో పోలియో వచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. నాట్యం నేర్చుకునే ఆడపిల్లలకు కుచ్చుల పావడాలు కుడుతుంది. ఈ గ్వాదలహారా నగరంలో కూకా కుట్టిన పావడాకు ఉన్న గిరాకీ ఇంకెవరి కుట్టుకూ లేదు. కుర్చీ తోసుకుని తోసుకుని ఆ భుజాలు ఎలా అయ్యాయంటే, సంతలో బస్తాలు మోసే మగాళ్ళు కూడా ఆమెకు దారిచ్చి పక్కకు జరుగుతారు. నోరు అంతకంటే గట్టిది.

ఆమెకో పాత తెల్ల కారుంది. బ్రేకూ, యాక్సిలరేటరూ చేత్తో నొక్కుకునేలా మా వీధిలో వెల్డింగు పని చేసే వెన్చో మీటలు బిగించి ఇచ్చాడు. అద్దానికి నగరం ఇచ్చిన నీలం కార్డు వేలాడుతూ ఉంటుంది. ఆ కార్డు కారుది కాదు, మనిషిది. రోడ్డు మీద గడి కూడా కూకా సొంతం కాదు, కార్డు ఉన్నవాళ్ళెవరైనా ఆపుకోవచ్చు. ఊతకర్రల ముసలాయనో, బిడ్డను ఎత్తుకుని దించాల్సిన తల్లో అక్కడ ఆపితే కూకా కిమ్మనేది కాదు, పిలిచి కాఫీ కూడా ఇచ్చేది. కార్డు లేనివాడు ఆపాడా, వాడి ఏడు తరాలూ బయటికి వచ్చేవి.

మాది ఒకే వైపు బళ్ళు పోయే వీధి. మా దేశంలో కార్లకు స్టీరింగు ఎడమ వైపు, గడి కూడా ఎడమ పక్కనే కాబట్టి డ్రైవరు తలుపు తీస్తే కాలిబాట, పక్కనే ర్యాంపు. కూకా తలుపు తీసి, పక్క సీట్లో మడిచిపెట్టిన కుర్చీని ఒడి మీదుగా లాగి బయట పెట్టి, విప్పి, చేతుల మీద ఒళ్ళు ఎత్తి అందులోకి జారేది. ర్యాంపు ఎక్కి, తాళం తీసుకుని లోపలికి పోయేది. ఎవరైనా పుణ్యానికి పోయి వెనక పిడి పట్టుకున్నారో, "చెయ్యి తియ్! నేనేం తోపుడు బండినా?" అని గయ్యిమనేది. ఇంకో చోట కారు ఆపితే ఇవేవీ కుదరవు. బళ్ళ వైపు తలుపు తెరుచుకుంటుంది, కాలిబాట ఎత్తు, ఎవరో ఒకరు మోయాలి.

అందుకే ఆ గడి ఉంటే కారు, కారుంటే పని, పనుంటే సొంత ఇల్లు. ఈ లెక్క కూకా తమ్ముడు అబుందియోకి ఎక్కేది కాదు. తొనలాలో కుండల వ్యాపారం అతనిది. ప్రతి ఆదివారం వచ్చి, నా దగ్గర రెండు రొట్టెలు లాగించి, మూతి తుడుచుకుంటూ మొదలుపెట్టేవాడు.

"ఎందుకక్కా ఈ తిప్పలు? మా ఇంటి వెనక గది ఖాళీగా ఉంది. టీవీ పెట్టిస్తా. నీ మరదలు వేళకి ఇంత పెడుతుంది. హాయిగా కూర్చో."

"జీవితమంతా కూర్చునే ఉన్నాన్రా, ఇంకా ఏం కూర్చోమంటావ్?" అనేది కూకా నవ్వుతూ. చుట్టరికం లేకపోయినా నన్ను వదినా అనీ, వెన్చోను బావా అనీ పిలుస్తుంది. అతను వెళ్ళాక నాతో మాత్రం, "వదినా, ఒక్కసారి ఆ గదిలోకి పోయానంటే మళ్ళీ నా శవపెట్టే బయటికొచ్చేది" అనేది. అప్పుడు నవ్వు ఉండేది కాదు.

ఇక ఆ గడుల కాపలా సంగతి. వికలాంగులనే వాలంటీర్లుగా తీసుకుని, శిక్షణ ఇచ్చి, చలానా రాసే అధికారం ఇచ్చింది మా నగరం. మా పేటకు వచ్చేవాడు సిప్రియానో. ఒక కాలు మోకాలి దాకా లేదు, కర్రల మీద నడుస్తాడు. జాలి కథలు అతని దగ్గర చెల్లవు. "మా అత్తగారికి ఒంట్లో బాగోలేదండీ" అని ఒకాయన మొదలుపెడితే, "అయ్యో పాపం, నాక్కూడా కాలు బాగోలేదు. ఇదిగో చలానా" అన్నాడు. నా చెవులారా విన్నాను. కానీ ఒక్కడు, పేటంతా తిరగాలి. కూకా ఫోను చేసి, అతను వచ్చేసరికి ఆ కారువాడు కొత్తిమీరా ఉల్లిపాయలూ కొనుక్కుని వెళ్ళిపోయేవాడు.

"నా కర్రలకి ఇంతకంటే వేగం లేదమ్మా" అనేవాడు చెమట తుడుచుకుంటూ.

ఇదంతా చూసి వెన్చోకు ఒక ఆలోచన వచ్చింది. మా మలుపు దగ్గర అందరూ చెత్త పారేసేవాళ్ళు. బోర్డు పెట్టినా, తిట్టినా మానలేదు. చివరికి అక్కడ గోడకు మరియమ్మ పటం పెట్టి దీపం వెలిగించారు, మర్నాటి నుంచి చెత్త లేదు. తల్లి కాళ్ళ దగ్గర కుళ్ళిన టమాటాలు పారబోసే ధైర్యం ఎవడికుంటుంది? చెత్తకు పనిచేసింది కార్లకు ఎందుకు పనిచేయదని వెన్చో బుర్రకు తట్టింది. మే నెలలో కూకా పుట్టినరోజని అబుందియో ఆమెను తొనలా పిలిపించుకున్నప్పుడు, ఇనుప గూడు ఒకటి చేసి, నాలుగు కాళ్ళు పెట్టి, గడి వెనక కొసన కాలిబాట అంచున సిమెంటు పోసి పాతేశాడు. లోపల మూరెడు మరియమ్మ ప్రతిమ, సపోపాన్ చర్చిలో కొలువైన తల్లి రూపంలో. నీలం పైట, నెత్తిన కిరీటం.

సోమవారం కూకా వచ్చి చూసి, కారులోంచే అరిచింది. "ఏంటి బావా ఇది?"

"నీకు కాపలా పెట్టాను" అన్నాడు వెన్చో, ఛాతీ ఇంత చేసుకుని.

ఆ తల్లి పని చేసింది, కాదనను. పెద్ద బండి వేసుకుని ఒకడు వెనక్కి వెనక్కి వచ్చి గడిలో దూరబోయాడు. అద్దంలో మరియమ్మ కనిపించింది. టోపీ తీసి సిలువ గుర్తు వేసుకుని, వచ్చిన దారినే నిమ్మళంగా పోయాడు. నేనూ కూకా కడుపు పట్టుకుని నవ్వాం. జూను మొదలయ్యేదాకా ఆ గడిలో అడ్డమైన కారు ఒక్కటీ ఆగలేదు.

తర్వాత ఎవెలియమ్మ వచ్చింది. రెండు మలుపుల అవతల ఉంటుంది, చర్చి పూల పని చూసుకునే విధవరాలు. గూటి ముందు ఒక కొవ్వొత్తి వెలిగించి వెళ్ళింది. వారంలో ఆవిడ మోకాలి నొప్పి తగ్గింది. తగ్గింది నేనిచ్చిన కర్పూరం నూనెకి! చెప్తే ఎవరు వింటారు? మరియమ్మ మోకాళ్ళు బాగుచేస్తోందని పేటంతా గుప్పుమంది. పూలొచ్చాయి, పూల బకెట్లొచ్చాయి. సాయంత్రం జపమాల మొదలైంది. జపమాలకు కుర్చీలు కావాలి కదా, ఎలాగూ కార్లు రావడం లేదని గడిలో వేశారు. వానలు పట్టుకున్నాయి. "కూకా, మీ కిటికీ ఊచకి తాడు కట్టుకుంటామమ్మా, తల్లి తడిసిపోతోంది" అంది ఎవెలియమ్మ. తల్లి తడిసిపోతుంటే వద్దని ఎవరంటారు? టార్పాలిను పట్టా ఒక కొస కూకా కిటికీకి, ఇంకో కొస కరెంటు స్తంభానికి. అయిపోయింది. నీలం గడి కాస్తా గుడారం అయి కూర్చుంది.

ఒక సాయంత్రం కూకా నాట్య పాఠశాలలో పావడాలు ఇచ్చి తిరిగొచ్చింది. గడి నిండా జనం, కళ్ళు మూసుకుని ప్రార్థన. హారను మీద చెయ్యి పెట్టి, తీసేసింది. సంత వెనక ఇంకో నీలం గడి ఉంటే అక్కడ ఆపి, వానలో విరిగిన కాలిబాటల మీద కుర్చీ తోసుకుంటూ బయల్దేరింది. చక్రం గుంతలో పడితే నేను పరిగెత్తాను. వెనక పిడి పట్టుకుని ఇంటిదాకా తోశాను. తిడుతుందేమోనని భయపడినదాన్ని, తిట్టనందుకు ఇంకా భయపడ్డాను. ర్యాంపు మీద కరిగిన మైనం గడ్డకట్టి ఉంది. చక్రం జారి ఆమె మోచెయ్యి గోడకు కొట్టుకుంది. ఆ తర్వాత కూకా బయటికి రావడం తగ్గించేసింది.

ఆగస్టులో సిప్రియానో వచ్చాడు. గుడారం చూసి నోరు తెరిచాడు.

"కూకాగారూ, మీకో సంగతి చెప్పాలి. ఈ గడులకి ఏడాదికోసారి తనిఖీ ఉంటుంది. కార్లు ఆగని గడిని ఉంచరు, నీలం కనపడకుండా పైన వేరే రంగు కొట్టేస్తారు. వచ్చే బుధవారం మీ వంతు."

"అదేంటయ్యా, నువ్వే కదా తనిఖీ చేసేది! వాడుతున్నారని రాసెయ్" అన్నాను నేను.

"ఫోటో తీసి పంపాలమ్మా. ఫోటోలో ఈ కుర్చీలొస్తే వాడకంలో లేదనే రాస్తారు."

"అయితే ఈ గూటికి చలానా రాసి తీయించు."

సిప్రియానో కర్రలు చంకలో సర్దుకుని, టోపీ తీసి, గూటికి దండం పెట్టాడు. "మా ఆఫీసు పెద్దాయన కారుకి కూడా రాశానమ్మా చలానా. ఈవిడకి మాత్రం నా వల్ల కాదు. మా అమ్మ ఇంట్లోకి రానివ్వదు."

నేనే ఎవెలియమ్మ మీదికి వెళ్ళాను. ఏదో మంచిగా చెబుదామనే వెళ్ళాను, నా నోరు తెలుసు కదా.

"అమ్మా ఎవెలియా, మీ మోకాలు బాగైంది సరే, కూకా కాళ్ళు విరిచేస్తున్నారు మీరంతా!"

"తల్లిని వీధిలోకి గెంటమంటావా దోమితిలా? నీ నోటితో ఆ మాట అను, అందరూ వింటారు."

అనలేకపోయాను. నేను మాత్రం మనిషిని కానా? వెన్చో "నేనే పెట్టాను, నేనే తీస్తా" అని ఇనుము కోసే మిషను పట్టుకొచ్చాడు. జపమాల చేసే ఆడవాళ్ళు పదిమందీ తలలు తిప్పి అతని వైపు చూశారు. పాపం, మిషను చంకన పెట్టుకుని ఇంటికి పోయాడు.

ఆదివారం అబుందియో వచ్చాడు. గడి తీసేస్తారన్న సంగతి చెవిన పడింది కాబోలు, రొట్టె కూడా అడగలేదు. నేరుగా లోపలికి పోయి కుట్టు మిషను పొడవూ వెడల్పూ కొలుచుకున్నాడు. "గురువారం ట్రక్కు తెస్తానక్కా. బుధవారం పొద్దున్నే వచ్చి సామాను కడతాను" అన్నాడు. కూకా కిటికీలోంచి ఆ పట్టాను చూస్తూ ఉండిపోయింది. ఒరేయ్ అనలేదు, పోరా అనలేదు. నా చెయ్యి పట్టుకుని, "వదినా, మనుషులతోనైతే పోట్లాడతాను. ఈవిడతో ఎలా పోట్లాడను?" అంది. కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

మంగళవారం సాయంత్రం జపమాల జరుగుతోంది. కూకా తలుపు తెరుచుకుంది. తల దువ్వుకుని, పండగ నాటి శాలువా కప్పుకుని, మైనం మీద జాగ్రత్తగా చక్రాలు ఆనించుకుంటూ ర్యాంపు దిగి, కుర్చీల మధ్యకు వచ్చింది. చివరి ప్రార్థన దాకా అందరితో పాటు పలికింది. అయ్యాక అడిగింది.

"ఎవెలియా, ఈ తల్లి ఎక్కడి తల్లి?"

"సపోపాన్ తల్లి. అదేం ప్రశ్న?"

"సపోపాన్ తల్లి వానాకాలమంతా ఏం చేస్తుంది?"

"చిన్నపిల్లాడినడిగినా చెప్తాడు. ఊరంతా తిరుగుతుంది, చర్చికో మజిలీ. అక్టోబరులో ఇల్లు చేరుతుంది."

"మరి ఈవిడ వచ్చిన కాడి నుంచీ కదల్లేదేం? తిరిగే తల్లిని తెచ్చి మా గుమ్మంలో కూర్చోబెట్టాం. ఈ పేటలో ఒక్క ఇంటికైనా వెళ్ళిందా? మీలో ఒక్కరైనా మా ఇంటికి రా తల్లీ అని పిలిచారా?"

ఎవెలియమ్మ జపమాల ఒళ్ళో పెట్టుకుంది. "నేనూ... పిలవలేదు."

"పిలవకుండా ఎవరింటికైనా ఎలా వస్తుందమ్మా, ఎంత తల్లయినా?"

ఇంకేముంది! మా ఇంటికంటే మా ఇంటికని గోల. వరసలు వేసుకోవడాలు, అలగడాలు. ఎవెలియమ్మ లేచి నిలబడి, మొదటి కొవ్వొత్తి తనది కాబట్టి మొదట తన ఇంటికేనని తేల్చేసింది.

"అలాగే. ఎలా తీసుకెళ్తావ్?" అంది కూకా. "మొక్కజొన్న బస్తాలా చంకనేసుకునా? అక్టోబరులో తల్లి ఎలా వెళ్తుందో తెలీదా? కారులో. ఇంజను వేయకుండా, భక్తులు తాళ్ళతో లాగితే. కారు నేనిస్తాను. కాకపోతే..." అని ఆగింది. ఆగి, చుట్టూ వేసిన కుర్చీల వైపూ, పైనున్న పట్టా వైపూ ఊరికే అలా చూసింది.

చీకటి పడేలోపు గడిలో ఒక్క కుర్చీ లేదు. పట్టా తాడు ఎవెలియమ్మే విప్పింది.

బుధవారం పొద్దున కూకా కారు తెచ్చి గడిలో ఆపి ఇంజను కట్టేసింది. కుర్చీని వెనక సీట్లో పడేసి, మరియమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టి సీటు బెల్టు పెట్టింది. "బెల్టు లేకపోతే సిప్రియానో ఈవిడకి కూడా రాసేస్తాడు" అంటే ఎవెలియమ్మ కూడా నవ్వింది. కారంతా పూల దండలు. నాట్య పాఠశాల పిల్లలు కూకా కుట్టిన పావడాలు వేసుకుని ముందు నిలబడ్డారు. ముందు బంపరుకు రెండు తాళ్ళు కట్టారు. సరిగ్గా అప్పుడే సామాను కట్టడానికి అబుందియో దిగాడు. ఏం జరుగుతోందో అర్థమయ్యేలోపు ఎవరో అతని చేతిలో తాడు పెట్టి "లాగు నాయనా!" అన్నారు. లాగక ఏం చేస్తాడు, వెనక కారులో అక్క, ఆమె పక్కన మరియమ్మ!

నేను ఎవెలియమ్మ పక్కన తాడు పట్టుకున్నాను. మలుపు తిరిగాక ఆవిడ నా చెవిలో గొణిగింది. "ఆ పిల్ల కారు దూరంగా ఆపుకుని వానలో వస్తుంటే నాకు కనపళ్ళేదనుకున్నావా? రోజూ నిద్రపట్టేది కాదు దోమితిలా. తీసేద్దామని ముందు ఎవరంటారు? నేనా?"

ఆవిడ మీద నాకున్న కోపం అక్కడే, ఆ తాడు దగ్గరే సగం పోయింది. మిగతా సగం ఉంచుకున్నాను, అవసరానికి.

మరియమ్మను ఎవెలియమ్మ ఇంట్లో దించే వేళకు నేను ముందే పరిగెత్తుకుని వెనక్కి వచ్చేశాను. తల్లి లేని గూడు ఉత్త ఇనుమే కదా, వెన్చో ధైర్యంగా కాళ్ళు కోసి అవతల పడేశాడు. నేను మరిగే నీళ్ళు పోసి, మాంసం కత్తితో ర్యాంపు మీద మైనమంతా గీకాను. తల ఎత్తి చూసేసరికి సిప్రియానో. ఖాళీ గడి మధ్యలో కర్రలు ఆనించి నిలబడి ఉన్నాడు.

"ఎంతసేపు పడుతుందమ్మా కూకాగారికి?"

"ఇదిగో వచ్చేస్తోందయ్యా, కాస్త ఆగు."

"ఆగుతాను. ఎవడైనా దూరతాడేమోనని గడిలోనే నిలబడ్డాను."

తాళ్ళ మీద కారు మలుపు తిరిగింది. జనం లాగుతూనే ఉన్నారు, ఇక అవసరం లేకపోయినా. సిప్రియానో పక్కకు జరిగాడు. కారు వచ్చి గడిలో నిలిచింది. అతను పూల దండ పక్కకు జరిపి, అద్దం మీది కార్డు కనిపించేలా ఫోటో తీశాడు. ర్యాంపు ఫోటో తీశాడు. తర్వాత మొహం ముడిచాడు.

"కారు సరే. నడిచే బండేనా? తాళ్ళతో లాక్కొచ్చారు, నా కళ్ళతో చూశాను."

కూకా తాళం తిప్పింది. ఇంజను ఒకసారి దగ్గి, గుర్రుమంది.

"వాడకంలో ఉంది" అన్నాడు సిప్రియానో, ఫోనులో నొక్కుతూ. "ఇంకో ఏడాది మీ జోలికి ఎవరూ రారు."

హమ్మయ్య! వెన్చో నేల మీద చతికిలబడిపోయాడు. నేను ఏడ్చాను, నాకేం సిగ్గు? అబుందియో అరచేతులు తాళ్ళకు కమిలిపోయి ఎర్రగా ఉన్నాయి. వాటిని చూసుకుంటూ, "అక్కా, మరి రేపు ట్రక్కు..." అన్నాడు.

"రేపు నాకు పాఠశాలలో కొలతలు తీసుకునే పనుందిరా. ట్రక్కులో నీ కుండలు వేసుకుపో" అంది కూకా. అబుందియో తల ఊపాడు. అతని మొహంలోనూ ఏదో బరువు దిగినట్టే కనిపించింది నాకు.

అందరం కారు చుట్టూ మూగాం. ఎవరో కుర్చీ విప్పబోయారు, ఎవరో తలుపు తీయబోయారు, నాట్యం పిల్లలు చప్పట్లు కొట్టడానికి సిద్ధంగా ఉన్నారు. కూకా మీటల మీంచి చేతులు తీయలేదు.

"కుర్చీని మడిచి నా పక్క సీట్లో పెట్టండి" అంది. వెన్చో పెట్టాడు. "ఇక అందరూ మీ మీ ఇళ్ళకి పోండి. వదినా, నువ్వూ."

వెళ్ళాం. నేను కొట్టులోకి పోయి మాంసం కుండ కలుపుతూ చెవులు మాత్రం బయటే పెట్టాను. కారు తలుపు తెరుచుకుంది. కుర్చీ నేల మీద తట్టుకుంది. చక్రాలు ర్యాంపు ఎక్కాయి. తాళం తిరిగింది, ఇంటి తలుపు మూసుకుంది. ఆ పూట మా వీధిలో ఎవరూ కూకాకు చెయ్యి అందించలేదు.